పెట్రోలు ఆదా చేసే డబ్బీ

ధారూర్ నుంచి వికారాబాదుకు, తాండూరుకు రోజూ ఆటోలు, కార్లు తిరుగుతాయి. వాటిని నడిపేవారికి పెట్రోలు, డీజిలుదే పెద్ద ఖర్చు. "ఇది బిగించండి, నూటికి 30 వంతులు ఆదా" అని ఎవరైనా అంటే ఆశ పుడుతుంది.

ఏమేం అమ్ముతారు? పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతం. టాంకీలో వేసే గోలీ. కారు స్టీరింగు కింద గుచ్చే డబ్బీ. ఆ డబ్బీలు విప్పి చూస్తే చాలావాటిలో మెరిసే లైట్లు తప్ప పెద్దగా ఏమీ లేవు.

"మీ బండిలో పెట్రోలు సరిగా మండటం లేదు. దీనితో పూర్తిగా మండుతుంది" అంటాడు అమ్మేవాడు. నిజమేనా? బాగున్న ఇంజనులో నూటికి 97 వంతులకు పైగా పెట్రోలు మండిపోతుంది. మిగిలినదంతా మండినా లీటరుకు 30 మిల్లీలీటర్లు మించదు. అంటే దగ్గు మందు సీసా మూతతో 3 మూతలు! ఇక 30 వంతుల ఆదా ఎక్కడిది?

మరి పెట్రోలు బలం ఎటు పోతోంది? వేడిగా పోతోంది. నడిచిన బండి పొగగొట్టం ముట్టుకుంటే చేయి కాలుతుంది గదా! చక్రాలకు అందేది సుమారు నాలుగో వంతే. ఆ వేడిని పైపుకు కట్టిన అయస్కాంతం ఆపలేదు.

ఇంధనం పేరుతో ఆశ పెట్టడం కొత్త కాదు. 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానన్నాడు. దేశమంతా నోరు తెరిచి చూసింది. 2016లో చెన్నై కోర్టు మోసం కేసులో అతనికి 3 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ 100కు పైగా ఇలాంటి పరికరాలను పరిశీలించింది. మైలేజీని బాగా పెంచేది ఒక్కటీ దొరకలేదు. కొన్ని ఇంజనుకే చెరుపు చేస్తాయని చెప్పింది.

"మా బండికి పనిచేసింది" అనేవారూ ఉన్నారు. వారు అబద్ధం చెప్పడం లేదు. డబ్బులు పెట్టి కొన్నాక మనిషి బండిని మెల్లగా నడుపుతాడు. ఒకరోజు అనంతగిరి గుట్ట ఎక్కాలి, ఇంకోరోజు చదును రోడ్డు. ఒకరోజు ముగ్గురు, ఇంకోరోజు ఎనిమిది మంది. మైలేజీ మారుతూనే ఉంటుంది.

అమ్మేవాడి మాట కంటే మీ నోటుబుక్కు నయం. టాంకీ నిండా పోయించండి. కిలోమీటర్ల అంకె రాయండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి. 300 కిలోమీటర్లకు 12 లీటర్లు పడితే, 300ను 12తో భాగించండి. లీటరుకు 25 వచ్చింది. మీటరు పనిచేయకపోతే ధారూర్, వికారాబాద్ మధ్య ఎన్ని ట్రిప్పులో రాసినా చాలు. నెల రోజులు ఇలా రాయండి. చక్రాల్లో గాలి సరిగా పట్టించి మరో నెల రాయండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.