రక్తంలోని త్రాసు



సూరహ్ అర్రహ్మాన్‌లో అల్లాహ్ ఆకాశాన్ని ఎత్తుగా నిలిపిన విషయంతో పాటే మీజాన్‌ను, అనగా త్రాసును నెలకొల్పిన విషయాన్నీ ప్రస్తావించాడు. ఆ పదం వినగానే మనకు అంగడి తూనికలు, సూర్యచంద్రుల గమనం స్ఫురిస్తాయి. మన రక్తంలోనూ ఒక త్రాసు ఉన్నదని అంతగా తలచుకోము.

ఆరోగ్యవంతుని రక్తమంతటిలో పరగడుపున ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. డెసీలీటరుకు 70 నుండి 100 మిల్లీగ్రాముల నడుమ అది నిలుస్తుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, షర్బత్ తీసుకోగానే క్లోమం ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అదనపు చక్కెర కండరాలలోకి, కాలేయంలోకి చేరుతుంది. మరునాడు అస్ర్ వేళకు అదే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గించి గ్లూకగాన్‌ను పంపుతుంది. అప్పుడు కాలేయం తన నిల్వను విప్పి మెదడును పోషిస్తుంది. ఈ సమస్థితికి అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1926లో హోమియోస్టేసిస్ అని పేరు పెట్టాడు. పేరు కొత్తది, పని మాత్రం ఆదమ్ సంతతి అంతటిలోనూ మొదటినుండీ జరుగుతున్నదే.

ఇక ప్రతి రమజాన్‌లోనూ ఎదురయ్యే చిక్కుకు వద్దాం. ఇన్సులిన్ సూది తీసుకునే పెద్దలు కొందరు, వైద్యుడు వారించినా రోజా ఉంటారు. శరీరం స్వయంగా తయారుచేసే ఇన్సులిన్, చక్కెర తగ్గగానే తానూ తగ్గుతుంది. సూదితో ఎక్కిన ఇన్సులిన్‌కు ఆ వివేకం లేదు. చక్కెర పడిపోతున్నా తన పని తాను చేసుకుపోతుంది. క్లోమాన్ని తరిమే కొన్ని మాత్రలూ అంతే. చక్కెర 70కి దిగువకు జారితే చెమట, వణుకు, గుండెదడ కలుగుతాయి. మరీ జారితే స్పృహ తప్పుతుంది. ఇది ఓర్పుతో గెలిచే విషయం కాదు.

అల్ బఖరహ్ సూరహ్‌లో రోజాను విధి చేసిన చోటనే రోగికి, ప్రయాణికునికి వేరే దినాలలో పూర్తిచేసుకునే అనుమతి ఉన్నది. అనుమతి ఇచ్చినవాడూ, విధించినవాడూ ఒక్కడే కదా! ఎడతెగక రోజాలు పాటిస్తున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారికి, శరీరానికీ మనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) బోధించారు. కోలుకునే ఆశ లేనివారు ఒక్కో రోజాకు బదులు ఒక నిరుపేదకు అన్నం పెట్టాలి.

మధుమేహం ఉన్నవారందరూ రోజా మానాలని మా భావం కాదు. రమజాన్‌కు ముందే వైద్యుని సంప్రదించి, మోతాదులు మార్చుకుని క్షేమంగా రోజా ఉండేవారు ఎందరో ఉన్నారు. వేలి కొనను గుచ్చి రక్తం పరీక్షించుకుంటే రోజా భంగం కాదని పండితులు తెలియజేశారు. ఆ పరీక్షలో 70 కంటే తక్కువ కనబడితే, మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాలే మిగిలి ఉన్నా, తక్షణమే రోజా విరమించి చక్కెర నీరు తాగాలి. ఆ రోజాకు ఖజా తరువాత తీర్చుకోవచ్చును.