నిద్రకు ముందే గొట్టము

క్రింది దవడలోని వెనుక పన్ను పుచ్చినపుడు, దాని వేరునుండి చీము నాలుక క్రిందికి వ్యాపించుట కలదు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ఈ వ్యాధిని వర్ణించుటచే దానికి లుడ్విగ్ ఆంజైనా అను పేరు వచ్చినది. గడ్డము క్రింది భాగము కొయ్యవలె గట్టిపడును. నాలుక పైకి, వెనుకకు నెట్టబడును. నోరు సరిగా తెరచుకొనదు. వెంటనే కోసి చీమును తీయవలెను. కోయుటకు మత్తు కావలెను. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

మెలకువగా ఉన్నంతసేపు నాలుకను, గొంతు గోడలను కండరములు బిగించి పట్టియుంచును. ఇట్టి రోగి పడుకొనక ముందుకు వంగి కూర్చుండుటయు శ్వాసమార్గమును తెరచియుంచుకొనుటకే. మత్తు ఎక్కగానే కండరములు సడలి, మిగిలిన కొద్దిపాటి సందు మూసికొనిపోవచ్చును.

గాలి సాఫీగా ప్రవహించునపుడు నాళము కలిగించు నిరోధము వ్యాసార్ధముయొక్క నాల్గవ ఘాతమునకు విలోమానుపాతములో ఉండును. వ్యాసార్ధము సగమైనచో నిరోధము రెండు రెట్లు కాదు, 16 రెట్లు! పాయిజే సూత్రమును బోధించునపుడు నీటి గొట్టముకంటె ఈ ఉదాహరణమే మనసుకు బాగుగా పట్టును.

ఇక వ్యవధి. విశ్రాంతిగానున్న పెద్దవాని శరీరము నిమిషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజనును వినియోగించును. మామూలుగా ఊపిరి విడిచిన పిదప ఊపిరితిత్తులలో మిగులు వాయువు దాదాపు 2.5 లీటర్లు, అందు ఆక్సిజను ఏడవ వంతు మాత్రమే. ముందుగా కొన్ని నిమిషములు శుద్ధమైన ఆక్సిజనును పీల్పించినచో, శ్వాస ఆగినను ఆరోగ్యవంతునకు సుమారు 8 నిమిషముల గడువు దొరకును. జ్వరముతో ఊపిరికై పెనుగులాడువానికి అంత దొరకదు.

అందుచే వైద్యులు క్రమమును తారుమారు చేయుదురు. మామూలుగా ముందు నిద్ర, పిదప శ్వాసనాళములోనికి గొట్టము. ఇక్కడ ముందు గొట్టము. ఇది నేటి ఊహ కాదు. 1878లో గ్లాస్గోలో విలియం మెక్యువెన్, నాలుక మొదట కంతి గల రోగికి మెలకువలోనే నోటిగుండ గొట్టమును పంపి, ఆ పిమ్మట క్లోరోఫారము ఇచ్చెను. నోరు తెరువలేనివానికి ఆ దారి లేదు. కావున నేడు ముక్కును, గొంతును లిడొకెయినుతో మొద్దుబరచి, రోగిని కూర్చుండబెట్టి, సన్నని వంగెడు దర్శినిని ముక్కుగుండ శ్వాసనాళములోనికి పంపి, దానిపై తొడిగియున్న గొట్టమును లోనికి జార్చుదురు. అంతవరకు రోగి తన ఊపిరి తానే తీయుచుండును. గొట్టమునుండి వచ్చు గాలిలో కార్బన్ డయాక్సైడు కనిపించిన తరువాతనే నిద్రమందు.

ఇదియు సాగనిచో మెడవద్ద మాత్రము మొద్దుబరచి శ్వాసనాళమునకే రంధ్రము చేయవలసి యుండును. అందులకై శస్త్రవైద్యుడు మొదటినుండియు చేతొడుగులు తొడిగికొని ప్రక్కనే నిలిచియుండును.