తినదగిన తళుకు, తినరాని తళుకు



ఒకప్పుడు మన పిల్లల పుట్టినదినమునకు బూరెలు, పాయసమే పండుగ. నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములందును కేకు కోయుట వాడుక యైనది. ఇంటనే కేకు చేయు గృహిణులును పెక్కండ్రు గలరు. దానిపై చల్లు వెండిపూసలు, బంగారువన్నె పొడులు నేడు ఇల్లు కదలకుండ తెప్పించుకొనవచ్చును. దొరకునవన్నియు తినదగినవేనా యని విచారించుట తల్లుల పని.

జనగామ చెంతనున్న పెంబర్తి పనివారు ఇత్తడిరేకుపై చేయు నగిషీ లోకప్రసిద్ధము. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసిన లోహము. ఇత్తడి గిన్నెలపై నెంత మక్కువ యున్నను, కళాయి లేనిదే వానిలో మన పెద్దలు చింతపండు పులుసు కాచెడివారు కారు. పులుపు తగిలినచో లోహము వంటలో దిగునని వారెరుగుదురు. కేకుపై నద్దు బంగారువన్నె పొడులలో కొన్ని రాగి, ఇత్తడి చూర్ణములే. గిన్నెకు కళాయి వేయించు తల్లి, ఆ లోహమునే పొడిగా బిడ్డ నోట బెట్టుట తగునా?

ఇది వట్టి భయము గాదు. 2018 అక్టోబరులో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున ఒక పుట్టినదినపు విందులో కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులు, విరేచనములతో బాధపడిరి. శోధింపగా, కేకుపై దట్టముగ పూసిన పొడి సన్నని రాగి చూర్ణమని తేలెను. 2019లో మిస్సోరీ రాష్ట్రమున ఏడాది బిడ్డ రక్తమున సీసము హెచ్చుగా కనబడెను. ఆ బిడ్డ తిన్న కేకు పువ్వుల కద్దిన పొడిలో నూటికి 25 వంతులు సీసమే! సీసము పసిబిడ్డల మెదడును చెరచును. ఇట్టి పొడుల డబ్బీలపై "విషము కాదు" అని వ్రాసి యున్నంత మాత్రమున అవి తినదగిన వగుట లేదు.

మిఠాయిలపై నంటించు వరఖు అను వెండిరేకు సంగతి వేరు. దీనిని తినుటకు మన చట్టము సమ్మతించును. అయితే అందలి వెండి వెయ్యింటికి 999 వంతులు శుద్ధమై యుండవలెను. జంతుసంబంధమైన వస్తు వేదియు దాని తయారీలో వాడరాదని 2016లో నియమము చేసిరి. అల్యూమినియపు రేకును వెండి యని అమ్ము మోసమును గలదు. వ్రేళ్లమధ్య నలిపిచూడుడు: వెండిరేకు పొడియై మాయమగును, అల్యూమినియము ఉండగట్టును. కాల్చినచో వెండి తెల్లని మెరుగుపూసగా మిగులును. అల్యూమినియము నల్లని బూడిద యగును.

కొనునపుడు డబ్బీపై తినదగిన దని స్పష్టముగ నున్నదా, చేరిన వస్తువుల పేర్లున్నవా, 14 అంకెల ఆహారపు లైసెన్సు సంఖ్య యున్నదా యని చూడుడు. "అలంకారమునకు మాత్రమే" యని యున్నచో తినుదానిపై వాడకుడు. బేకరీకి కేకు చెప్పునపుడు, వాడు పొడి డబ్బీని చూపు మని యడుగుడు. అడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. గట్టి వెండిపూసలు చిన్నబిడ్డల గొంతున కడ్డుపడవచ్చును. వారి ముక్కనుండి తీసివేయుడు.

తళుకు లేకున్న కేకు అందము చెడదు. దానిమ్మగింజలు, పిస్తాపలుకులు, కొబ్బరికోరు, కుంకుమపువ్వు మన యిండ్ల కెరుకయైనవే. బిడ్డ నోటికి పోవు దానికి కంటి సొంపు రెండవది, క్షేమము మొదటిది.