6.4 పార్కులకు పడవ ప్రయాణం: రేవే ముఖద్వారం

రోడ్డు ఉన్న పార్కుకు సందర్శకులు బస్సులోనో, సొంత వాహనంలోనో, కాలినడకనో చేరుకోవచ్చు. ఒక దారి మూసుకుపోతే మరో దారి ఉంటుంది. దీవికి ఆ వెసులుబాటు లేదు. రేవులో ఎందరు లాంచీ ఎక్కితే దీవిలో అందరే ఉంటారు. అందుచేత సందర్శకుల సంఖ్య, వారు గడిపే సమయం, వారి భద్రత అనే మూడు అంశాలూ చాలావరకు రేవులోనే నిర్ణయమవుతాయి. దీన్ని మూడు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

6.4.1 లిబర్టీ దీవి

న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం అమెరికా జాతీయ పార్కుల సంస్థ అధీనంలో ఉంది. అక్కడ విడిగా ప్రవేశ రుసుము లేదు. అయితే ఆ సంస్థతో ఒప్పందం ఉన్న ప్రైవేటు కంపెనీ పడవకు టికెట్టు కొనాలి. భద్రతా తనిఖీ కూడా పడవ ఎక్కే ముందే జరుగుతుంది.

2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు విగ్రహం చెక్కుచెదరలేదు. కానీ పడవలు ఆగే కట్టడాలు, విద్యుత్ వ్యవస్థ దెబ్బతిన్నాయి. దీంతో దీవిని మూసివేశారు. తిరిగి 2013 జులై 4న గాని తెరవలేకపోయారు. రేవు లేనిదే పార్కు లేదన్నమాట.

6.4.2 నాగార్జునకొండ

నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగిపోనున్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో 1954-60 మధ్య తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన శిల్పాలను, పునర్నిర్మించిన కట్టడాలను కొండపైకి చేర్చారు. నీరు నిండాక ఆ కొండ దీవిగా మారింది. మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది. విజయపురి సౌత్ నుంచి లాంచీలు నడిపేది రాష్ట్ర పర్యాటక వ్యవస్థ. ఇద్దరి వేళలూ కలిస్తేనే సందర్శకుడికి చూసే వ్యవధి దొరుకుతుంది. తిరుగు లాంచీ తొందరలో శిల్పాలను పైపైన చూసి వెనుదిరిగితే ఆ ప్రయాణ ప్రయోజనం సగం పోయినట్లే.

6.4.3 పాపికొండలు

పాపికొండల జాతీయ ఉద్యానవనాన్ని ఎక్కువమంది గోదావరి మీది బోటులోంచే చూస్తారు. ఇక్కడ పడవే విహారం. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదతో ఉన్నప్పుడు, కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగి పలువురు మరణించారు. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటు ప్రయాణాలపై నిఘాకు కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది. దేశవ్యాప్తంగా 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, తనిఖీ, బీమా దాని పరిధిలోకి వస్తాయి.

లైఫ్ జాకెట్ ప్రమాదం జరిగాక ఆదుకొనే సాధనం. వరద ఉన్న రోజున బోటును రేవులోనే ఆపడం ప్రమాదాన్నే నివారించే చర్య. టికెట్ల ఆదాయం మీద ఆధారపడే నిర్వాహకునికి ఈ నిర్ణయం కష్టమైనది. కనుక దాన్ని ఆదాయంతో సంబంధం లేని అధికారికి అప్పగించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దీవి పార్కులో సందర్శకుల సంఖ్యను రేవు ఎలా నియంత్రిస్తుంది?
2. బోటు బయలుదేరడానికి అనుమతి ఎవరి చేతిలో ఉండాలి? కారణాలు రాయండి.