27 డిగ్రీల అవతల

సర్క్యూట్‌ను తయారు చేయకముందే కంప్యూటర్‌లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు స్పైస్ వంశానివే. 1970ల తొలినాళ్లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర పరిశోధన చేస్తూ లారెన్స్ నాగెల్ దీన్ని రాశాడు. కోడ్‌ను అడిగినవారికల్లా ఇవ్వడంతో అది లోకమంతా పాకింది. ఉష్ణోగ్రత ఎంతో చెప్పకపోతే స్పైస్ 27 డిగ్రీల సెల్సియస్ అనుకుంటుంది. రెంటచింతల ఎండలకు అది చల్లదనమే గానీ, కెల్విన్‌లో ఇంచుమించు 300 కాబట్టి లెక్కకు సుఖం.

ఆ అంకెను మార్చడం ఒక్క వరుస పని. మార్చగానే ప్రతి డయోడ్, ట్రాన్సిస్టర్ లక్షణాలూ మళ్లీ లెక్కకు వస్తాయి. సిలికాన్ డయోడ్ వోల్టేజి ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది; లీకేజి కరెంటు ప్రతి పది డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుంది. సైనిక అవసరాల చిప్‌లకు నిర్దేశించిన మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా ఈ సూత్రాలు బాగానే నిలుస్తాయి. చిక్కంతా ఆ తర్వాతే. 400 అని రాసినా స్పైస్ చాలాసార్లు అభ్యంతరం చెప్పకుండా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. ఆ వేడికి మామూలు సిలికాన్ చిప్ ఎప్పుడో చేతులెత్తేసి ఉంటుంది.

చలి వైపు సంగతి ఇంకా విచిత్రం. క్వాంటం కంప్యూటర్లను నియంత్రించే కొన్ని చిప్‌లు 4 కెల్విన్, అంటే మైనస్ 269 డిగ్రీల వద్ద పనిచేయాలి. ఇంటెల్ 2019లో ప్రకటించిన హార్స్ రిడ్జ్ అలాంటిదే. గది వేడిమిలో శుద్ధ సిలికాన్‌ ఘన సెంటీమీటరులో సుమారు వెయ్యి కోట్ల స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. ఆ సంఖ్యను లెక్కగట్టే సూత్రంలో 4 కెల్విన్ పెడితే దశాంశ బిందువు తర్వాత ఆరువందలకు పైగా సున్నాలున్న సంఖ్య వస్తుంది. కంప్యూటర్ మామూలుగా వాడే సంఖ్యారూపం అందులో దాదాపు సగం దూరానికే అయిపోతుంది. ఇక మిగిలేది ఉత్త సున్నా. దానితో భాగించాల్సి వచ్చినా, దాని లాగరిథమ్ తీయాల్సి వచ్చినా లెక్క కుప్పకూలుతుంది. నిజమైన ట్రాన్సిస్టర్ మాత్రం అంత చలిలో సూత్రం చెప్పినంత పదునుగా ఆన్, ఆఫ్ కాదు; కొన్ని పదుల కెల్విన్ల దగ్గరే ఆ పదును పెరగడం ఆగిపోతుంది. అందుకే కొత్త మోడళ్లలో అసలు ఉష్ణోగ్రతకు బదులు అంతకన్నా ఎక్కువగా ఉండే ‘ప్రభావ ఉష్ణోగ్రత’ను వాడతారు. లెక్క కూలకుండా కాపాడేదీ అదే.

మరీ వేడైతే సిలికాన్‌నే వదిలేయాలి. శుక్రగ్రహ ఉపరితలం సుమారు 460 డిగ్రీలు. అలాంటి వాతావరణాన్ని సృష్టించిన చాంబర్‌లో నాసా గ్లెన్ కేంద్రం సిలికాన్ కార్బైడ్ చిప్‌లను 521 గంటలు నడిపింది. వాటికి 500 డిగ్రీల దాకా పనికొచ్చే స్పైస్ మోడళ్లనూ రూపొందించింది. ఇలాంటి మోడల్‌కు ఆధారం కొలతలే: చిప్‌ను నిజంగా కాల్చి కొలిచినంత మేరకే సాఫ్ట్‌వేర్ మాట నమ్మదగింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 150 డిగ్రీలు దాటే గ్యాస్ బావుల్లోకి దించే పరికరాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకొకటి, మామూలు స్పైస్ సర్క్యూట్ మొత్తానికీ ఒకే ఉష్ణోగ్రత అంటగడుతుంది. 4 కెల్విన్‌లో ఉంచిన ట్రాన్సిస్టర్ తన కరెంటుతో తానే పరిసరాల కంటే బాగా వేడెక్కుతుంది. దీన్ని పట్టుకోవడానికి ప్రతి ట్రాన్సిస్టర్ మోడల్‌కూ అదనంగా ఒక ఉష్ణ టెర్మినల్ తగిలిస్తారు. వేడి ప్రవాహాన్ని కరెంటుగా, ఉష్ణోగ్రతను వోల్టేజిగా భావిస్తే, విద్యుత్తు లెక్కనూ వేడి లెక్కనూ స్పైస్ ఒకేసారి తేలుస్తుంది.