షోలాపూర్ బీడీ కార్మికుల సహకార గృహనిర్మాణం

తెలంగాణ నుంచి షోలాపూర్‌కు వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల్లో పురుషులు మగ్గాలపై పనిచేయగా, స్త్రీలు అధికంగా ఇంటివద్దే బీడీలు చుట్టేవారు. కనుక ఇల్లు వారికి నివాసమే కాదు, పనిచోటు కూడా. ఇరుకైన అద్దె గదిలో ఈ రెండూ సాగడం కష్టం.

కూలి డబ్బుతో ఒంటరిగా స్థలం కొనడం, రుణం పొందడం దుస్సాధ్యం. సి.ఐ.టి.యు. నాయకుడు నర్సయ్య ఆడం నేతృత్వంలో తెలుగువారు అధికంగా ఉన్న మహిళా బీడీ కార్మికులు సహకార సంఘంగా ఏర్పడి ఈ అడ్డంకిని అధిగమించారు. ప్రభుత్వ సబ్సిడీకి తమ వాటా జోడించి, కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు నిర్మించుకున్నారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందజేశారు.

ఈ అనుభవమే 30,000 ఇళ్ల రేనగర్ పథకానికి పునాది. అందులో 15,000 ఇళ్లు 2024 జనవరిలో అందాయి. లబ్ధిదారును సంఘ సభ్యురాలిగా నిలపడమే ఈ నమూనా సారాంశం.