నాల్గవ జాము కల

కృష్ణానది ఒడ్డున, ఘంటసాలకు చేరువలో, శ్రీకాకుళమను గ్రామము కలదు. పేరు చూచి ఉత్తరాంధ్రలోని పట్టణమని పొరబడరాదు. ఇచ్చటి ఆలయమున కొలువైన దేవుడు శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు. తెలుగు సాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన కల ఈ యూరనే కనబడినది. కన్నవాడు శ్రీకృష్ణదేవరాయలు.

ఆ వృత్తాంతమును రాయలే ఆముక్తమాల్యద అవతారికలో చెప్పినాడు. కళింగ దండయాత్రకు తరలివచ్చి, విజయవాడలో కొన్నాళ్లు విడిసి, అచటినుండి శ్రీకాకుళము చేరి, ఏకాదశినాడు ఉపవసించి స్వామిని సేవించెను. ఆ రాత్రి నాల్గవ జామున స్వామి కలలో కనిపించి, సంస్కృతమున ఇన్ని కృతులు రచించినవాడవు, మా ప్రీతికై తెలుగున ఒకటి రచింపరాదా యని అడిగెను. గోదాదేవి పరిణయకథను కావ్యముగా వ్రాసి వేంకటేశ్వరునకు అంకిత మీయుమని ఆదేశించెను. తెలుగే ఏల యను ప్రశ్నకు ఆ కలలో దొరకిన సమాధానము నేడు బడిపిల్లలకు సైతము కంఠస్థము. కొండవీటి దుర్గము 1515లో రాయల వశమైనది. పిదప విజయవాడ దాపుననున్న కొండపల్లియు లొంగినది. కల ఆ దండయాత్రా కాలమునాటిది.

ఇది నిజముగా వచ్చిన కలయా, కవిసమయమా యని విమర్శకులు శంకించుట సహజమే. తిక్కనకును భారతరచనా ప్రారంభమున తండ్రి కొమ్మనామాత్యుడు కలలో కనిపించెను. కావ్యమునకు దైవాజ్ఞ కావలెను, ఆజ్ఞకు కల కావలెను. ఐనను రాయల కథలో ఒక చిన్న మాట ఆలోచింపదగినది: నాల్గవ జాము.

రాత్రిని నాలుగు జాములుగా లెక్కించినచో నాల్గవది సుమారు మూడుగంటల నుండి తెల్లవారువరకు. తొలిజాము కల ఏడాదికి ఫలించుననియు, వేకువజాము కల త్వరలో ఫలించుననియు మన స్వప్నశాస్త్రము చెప్పును. రాయలు ఆ నమ్మకమునుబట్టియే జామును పేర్కొని యుండవచ్చును. కాని ఆ నమ్మకము ఎట్లు పుట్టినది? జనులకు తెల్లవారుజాము కలలే ఎక్కువగా గుర్తుండుట చేతనే కావచ్చును.

ఈ అనుభవమునకు కారణము 1953లో గాని తెలియలేదు. చికాగో విశ్వవిద్యాలయమున యూజీన్ అసెరిన్‌స్కీ అను విద్యార్థి, తన గురువు నథానియేల్ క్లైట్‌మన్ పర్యవేక్షణలో, నిద్రించువారి కనురెప్పల చలనమును పరిశీలించుచుండెను. ఎనిమిదేండ్ల తన కుమారుని కన్నులచుట్టు తీగలు అంటించి పరిశీలించినవారిలో ఆయన ఒకడు! నిద్రలో కొంతకొంత సేపటికి కనుగ్రుడ్లు వడివడిగా కదలుచుండుట యంత్రము వ్రాసి చూపినది. అట్టి సమయమున 27 పర్యాయములు లేపి అడుగగా 20 పర్యాయములు కల వినవచ్చినది. కన్నులు నిశ్చలముగా నున్నపుడు 23 పర్యాయములు లేపినను 19 పర్యాయములు ఏమియు గుర్తులేదు.

ఈ కలలనిద్ర ఇంచుమించు తొంబది నిమిషముల కొకసారి వచ్చును. ప్రథమమున పదినిమిషములు మాత్రమే యుండి, రాత్రి గడచినకొలది పెరిగి, చివరకు అరగంటయో, అంతకు మించియో సాగును. కావున కలల పంటకు కాలము నాల్గవ జామే. అందుండి తిన్నగా మేల్కొన్నవానికి కల గుర్తుండును. ఊరుకాని ఊర నిద్ర పలుచన యగుటయు తెలిసిన విషయమే.

ఐనచో రాయల కల అక్షరాల నిజమేనా? అట్లనుటకు ఒక చిక్కు కలదు. స్వామి రాయల సంస్కృతకృతులను పేరుపేరున పేర్కొనును. భాషను గూర్చి వాదము చేయును. కథను, కృతిభర్తను నిర్ణయించును. కలలో రూపములు, రాగద్వేషములు ఉజ్జ్వలముగా నుండును గాని ఇంతటి పొందిక అరుదు. 1990 దశకమున మెదడు చిత్రములు తీసి చూడగా, కలలనిద్రలో దృశ్యములకు, భావోద్రేకములకు సంబంధించిన భాగములు చురుకుగా నుండుటయు, తర్కమునకు ఆధారమైన ముందుభాగము మందగించుటయు కనబడినది. మేఘమువలె నల్లనై, దేవేరితో కూడిన ఆ మూర్తి కలలోనిదై యుండవచ్చును. ప్రసంగము మాత్రము మేల్కొన్న కవి దిద్దినది.

దిద్దక తప్పదు, ఏలయన కల నిలువదు. జర్మనీలో జన్మించి ఆస్ట్రియాలో పనిచేసిన ఆటో లోవీ అను శాస్త్రవేత్త 1920 ప్రాంతమున ఒక రాత్రి మేల్కొని, నరములు గుండెకు వార్త నెట్లు అందించునో తెలుసుకొను ఉపాయము తోచగా కాగితముపై గీకి పండుకొనెను. ఉదయము ఆ వ్రాత ఆయనకే బోధపడలేదు! మరునాటి రాత్రి మూడుగంటలకు మరల అదే ఉపాయము తోచినది. ఈసారి ప్రయోగశాలకు పోయి రెండు కప్పగుండెలతో పరీక్షించెను. 1936లో నోబెల్ బహుమానము పొందెను. రాయలును ఆలసింపలేదు. లేచి, స్వామికి మ్రొక్కి, ప్రాతఃకృత్యములు తీర్చుకొని, పండితులను రావించి కలను వినిపించెను.

ఈ జాములలెక్క నేడు విజయవాడలో వేరొక చోట అవసరపడుచున్నది. నగరపరిసరములలో వసతిగృహములు గల కళాశాలలు పెక్కు. తెల్లవారకముందే చదువుగంట కొట్టునవి వానిలో నున్నవి. వేకువ చదువు మనసున నిలుచునని పెద్దల మాట. ఆ పెద్దలు దీపాలవేళ దాటగానే భోజనముచేసి పండుకొన్నవారు. నాలుగింటికి వారి నిద్ర నిండెడిది. పదకొండింటికి పండుకొని నాలుగున్నరకు లేచు పిల్లవానికి ఐదున్నర గంటలే దక్కును. ఆ వయసునకు ఎనిమిది మొదలు పదిగంటలు కావలెనని నిద్రావైద్యులు చెప్పుదురు. పోగొట్టుకొన్న గంటలలో కలలనిద్ర పాలు హెచ్చు. నేర్చినదానిని మెదడు పదిలపరచుకొనుటలో నిద్రకు పాలుండగా, చదువుకొరకే దానిని కోయుట విడ్డూరము.

కలలనిద్రను అడ్డగించినచో ఏమగునో విలియం డిమెంట్ 1960లో పరీక్షించెను. ఆ నిద్ర మొదలైనపుడెల్ల లేపుచుండగా, రాత్రులు గడచినకొలది అంతకంతకు ఎక్కువ పర్యాయములు లేపవలసి వచ్చినది. పిమ్మట వారిని స్వేచ్ఛగా నిద్రింపనీయగా కలలనిద్ర మామూలునకు మించి సాగినది. ఉదయము మొదటి పీరియడులో వెనుకబల్లమీద తల వాల్చు పిల్లవానికి శ్రద్ధ లేదని ఉపాధ్యాయులు మందలించుట కలదు. వాని శరీరము కావలెనని అడుగుచున్నది నాలుగున్నర గంటకు ఆగిపోయిన ఆ నిద్రనే.